జామాయిల్ దొర

జలుబు చేసి ముక్కు మూసుకుపోతే మన ఇళ్ళల్లో జరిగే తంతు అందరికీ తెలిసిందే. గిన్నెలో నీళ్ళు మరగపెట్టి, రెండు చుక్కలు నీలగిరి తైలం వేసి, దుప్పటి ముసుగేసి కూర్చోబెడతారు. కళ్ళు మండుతాయి, ముక్కు కారుతుంది, ఐదు నిమిషాలకి ఊపిరి ఆడుతుంది. ఆ తైలం పేరును బట్టి ఆ చెట్టు నీలగిరి కొండల్లోనే పుట్టిందని నేను చాలాకాలం అనుకున్నాను. ఖమ్మం వైపు బస్సులో వెళ్తుంటే స్కేలు పెట్టి గీసినట్టు వరసలు కట్టి కనిపించే జామాయిల్ తోటలు వేరే ఏదో చెట్టు అనీ అనుకున్నాను. రెండూ యూకలిప్టస్‌లే. జాతులు వేరు, అంతే. రెండింటి సొంతూరూ ఆస్ట్రేలియా వైపే.

ఆ చెట్టుకి ప్రపంచమంతటా పేరు తెచ్చినవాళ్ళలో మొదటి వరసలో ఉన్న మనిషి మాత్రం ఆస్ట్రేలియాలో పుట్టలేదు. పేరు ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్. మనవాళ్ళు కాటన్‌ని కాటన్ దొర అన్నట్టు ఈయన్ని జామాయిల్ దొర అనొచ్చు అనిపించింది. ఆయన కథ వింటే ఆ ఆవిరి ఘాటు కాస్త వేరేగా అనిపిస్తుంది.

1825 జూన్ 30న జర్మనీ ఉత్తరాన, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న రోస్టోక్ అనే రేవు పట్నంలో పుట్టాడు. తండ్రి కస్టమ్స్ ఉద్యోగి. పిల్లాడికి పదేళ్ళు వచ్చేసరికే తండ్రి క్షయతో పోయాడు. అప్పట్లో క్షయకి మందు లేదు. ఒంట్లో రక్తం లేక, దగ్గి దగ్గి, మనిషి కొవ్వొత్తిలా కరిగిపోయేవాడు. తల్లి పిల్లల్ని తీసుకుని టోన్నింగ్ అనే ఊరు చేరింది. 1840లో ఆమె కూడా పోయింది. పదిహేనేళ్ళ ఫెర్డినాండ్ హూసుమ్ అనే ఊళ్ళో ఒక మందుల షాపులో పనికి చేరాడు.

మందుల షాపు అంటే మనకి తెలిసిన మెడికల్ షాపు లాంటిది కాదు. స్ట్రిప్పులు కత్తిరించి ఇవ్వడం ఉండదు. ఆకులూ వేళ్ళూ బెరళ్ళూ తెచ్చి, ఎండబెట్టి, దంచి, వడగట్టి, బట్టీ పెట్టి మందు తయారు చేయాలి. కాబట్టి ఏ మొక్క ఏదో తెలియకపోతే ఆ పని చేయలేరు. ఫెర్డినాండ్‌కి మొక్కల పిచ్చి అక్కడే పట్టింది. ఖాళీ దొరికితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి మొక్కలు ఏరుకొచ్చి కాగితాల మధ్య పెట్టి ఎండబెట్టేవాడు. ఫార్మసీ పరీక్ష పాసై, కీల్ యూనివర్సిటీలో చదివి, 1847లో ఆ ప్రాంతం మొక్కల మీదే డాక్టరేట్ తీసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు, అంటే మన ఫైనలియర్ వాళ్ళ వయసు.

ఇంట్లో మిగిలింది ఇద్దరు చెల్లెళ్ళు, తను. ఆ చలిదేశంలో ఉంటే ఈ ఊపిరితిత్తుల జబ్బు తమనీ వదలదని భయం. వెచ్చటి దేశానికి పొమ్మని సలహా. ముగ్గురూ ఓడెక్కారు. 1847 డిసెంబర్‌లో దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో దిగారు. డిసెంబర్ అంటే అక్కడ మండు వేసవి.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఈ మనిషి జీవితం మొత్తం ఆ దగ్గు నీడలోనే గడిచింది. పెద్ద పేరొచ్చాక కూడా ఎండాకాలంలో మెడకి ఉన్ని మఫ్లర్ చుట్టుకుని తిరిగేవాడని చెప్పుకునేవారు. క్షయ ఎప్పుడు తనని పట్టుకుంటుందో అని ఎదురుచూస్తూ డెబ్భై ఒక్క ఏళ్ళు బతికాడు. ఊపిరికి పనికొచ్చే ఆకు మీద ఆయనకి అంత ఆసక్తి ఎందుకో నాకైతే ఇక్కడే అర్థమైంది.

అడిలైడ్‌లో మళ్ళీ మందుల షాపు ఉద్యోగమే. సెలవు దొరికితే అడవి. 1852లో మెల్బోర్న్ వెళ్ళారు. విక్టోరియా రాష్ట్రంలో బంగారం బయటపడి జనం పిచ్చెక్కినట్టు పరిగెడుతున్న రోజులవి. అక్కడ మందుల షాపు పెడదామని ఆయన ఆలోచన. కానీ అప్పటికే ఆయన మొక్కల పని గురించి లండన్ దాకా తెలిసింది. క్యూ గార్డెన్స్ పెద్ద విలియం హుకర్ ఆయన పేరు చెప్పడంతో, 1853లో గవర్నర్ లట్రోబ్ ఆయన్ని విక్టోరియా ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్తగా వేశారు. చచ్చేదాకా ఆ ఉద్యోగం ఆయనదే.

తర్వాతి మూడు నాలుగేళ్ళు ఆయన ఇంట్లో ఉన్నది తక్కువ. గుర్రం మీద, చాలాసార్లు ఒంటరిగా, విక్టోరియా మంచుకొండల దాకా వేల కిలోమీటర్లు తిరిగారు. 1855-56లో అగస్టస్ గ్రెగరీ నడిపిన ఉత్తర ఆస్ట్రేలియా యాత్రలో చేరి, తెల్లవాళ్ళు అంతవరకూ చూడని నేలమీద వందల కొద్దీ కొత్త మొక్కలు పట్టుకొచ్చారు. తిరిగొచ్చాక 1857లో మెల్బోర్న్ బొటానిక్ గార్డెన్స్‌కి డైరెక్టర్ అయ్యారు.

ఆస్ట్రేలియాలో ఎటు చూసినా యూకలిప్టస్సే. ఏడు వందలకి పైగా జాతులున్నాయి. ఆకు చూస్తే ఒకటే పోలిక, పువ్వులు చెట్టుకొసన ఎక్కడో. కొత్తగా వచ్చినవాడికి బుర్ర తిరిగిపోతుంది. ముల్లర్ ఒక ఉపాయం చేశారు. ముందు బెరడు చూడమన్నారు. నున్నగా ఉందా, పీచుపీచుగా ఉందా, ఇనుములా గట్టిపడి పగుళ్ళిచ్చిందా, సగం దాకా గరుకుగా ఉండి పైన నున్నగా ఉందా అని. అడవిలో నడుస్తూ చెట్టుని గుర్తుపట్టే పద్ధతి అది. తర్వాత శాస్త్రం వేరే లక్షణాలకి మారింది కానీ, అడవిలో తిరిగేవాళ్ళకి బెరడు ఇప్పటికీ పనికొస్తుంది.

ఈ పేర్ల గొడవంతా మందుకి ఎందుకు అంటే, అసలు కిటుకు అక్కడే ఉంది. ఆకుని ఎండకి ఎత్తి పట్టుకుంటే సూదితో గుచ్చినట్టు చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. పురుగులు తినకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు. కానీ ఆ తిత్తిలో ఏముందో జాతిని బట్టి మారిపోతుంది. ఒకదాంట్లో సినియోల్ ఎక్కువ, అంటే మన నీలగిరి తైలం వాసన. ఇంకోదాంట్లో ఫెల్లాండ్రిన్. ఇంకోదాంట్లో సిట్రోనెల్లాల్, అది నిమ్మగడ్డి వాసన. చూడటానికి అన్నీ అక్కచెల్లెళ్ళే. పేరు తప్పితే మందు తప్పుతుంది. కెమికల్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఫీడ్ ఏమిటో తెలియకుండా ప్రోడక్ట్ గురించి మాట్లాడలేం. ముల్లర్ చేసింది ఆ ఫీడ్‌కి సరైన లేబుల్ అంటించడం.

ఆకులో మందు ఉందని కనిపెట్టింది మాత్రం ఆయన కాదు, ఏ తెల్లవాడూ కాదు. ఆ నేల మీద వేల ఏళ్ళుగా ఉంటున్న ఆదివాసులు ఈ ఆకుల్ని వేడి రాళ్ళ మీద, నిప్పుల మీద వేసి ఆ పొగా ఆవిరీ పట్టేవారు. 1788లో మొదటి ఓడల్లో సిడ్నీ చేరిన సర్జన్ జాన్ వైట్, అక్కడి ఒక జాతి ఆకు నుంచి నూనె తీయించి ఇంగ్లండ్ పంపాడు. కడుపునొప్పికి పనిచేస్తుందన్నారు. అక్కడితో ఆగిపోయింది. అరవై ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

ముల్లర్ పట్టించుకున్నారు. మెల్బోర్న్ పక్కన రిచ్‌మండ్‌లో జోసెఫ్ బోసిస్టో అనే మందుల షాపు ఆయన ఉండేవాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చి, బంగారం తవ్వకాలు చూసి, షాపు పెట్టుకున్నవాడు. ఇద్దరిదీ ఒకటే వృత్తి కాబట్టి మాట కలిసింది. ఏ చెట్టు ఆకు తీసుకోవాలో ముల్లర్ చెప్పడం, బట్టీ పెట్టడం బోసిస్టో వంతు. ముల్లర్ ప్రోత్సాహంతోనే 1850లలో డాండెనాంగ్ వాగు దగ్గర బట్టీ లేచింది. 1862 లండన్ అంతర్జాతీయ ప్రదర్శనకి విక్టోరియా నుంచి రకరకాల జాతుల నూనెల సీసాలు వెళ్ళాయి. బోసిస్టో కంపెనీ చిలక బొమ్మ సీసా తర్వాత దేశదేశాలు తిరిగింది.

బట్టీ సంగతి కొంచెం చెప్పుకుందాం, మన సబ్జెక్టే కాబట్టి. సినియోల్‌ని ఒంటరిగా మరిగిస్తే 176 డిగ్రీల దగ్గర గానీ మరగదు. అంత వేడి పెడితే ఆకు మాడిపోతుంది. కానీ ఆకుల్ని రాగి పాత్రలో కుక్కి కిందనుంచి నీటి ఆవిరి పంపితే, 100 డిగ్రీలకన్నా కాస్త తక్కువలోనే నూనె ఆవిరితో పాటు పైకి లేచి వచ్చేస్తుంది. నీళ్ళూ నూనే ఒకదాంట్లో ఒకటి కలవవు. కాబట్టి దేని ఆవిరి పీడనం దానిదే. రెండింటి పీడనాలూ కలిపి వాతావరణ పీడనానికి సమానమైతే చాలు, మరుగు మొదలవుతుంది. చల్లటి గొట్టంలోంచి దిగేటప్పుడు రెండూ ద్రవమై, నూనె తేలిక కాబట్టి పైన తేలుతుంది. గరిటెతో తీసుకున్నంత సులువు. వంద కిలోల ఆకుకి కిలో, మహా అయితే రెండు కిలోల నూనె. ఊటీలో రోడ్డు పక్కన అమ్మే సీసాల వెనక ఉన్న పనీ ఇదే.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆయన జీవితంలో అతి పెద్ద విజయం, అతి పెద్ద పొరపాటు రెండూ కలిసి వచ్చిన చోటు ఇక మొదలవుతుంది.

ఆ రోజుల్లో మలేరియా దేనివల్ల వస్తుందో ఎవరికీ తెలియదు. బురదనేలల నుంచి లేచే చెడు గాలి వల్ల అని అందరి నమ్మకం. మలేరియా అన్న మాటకి ఇటలీ భాషలో అర్థమే చెడు గాలి. చెడు గాలే జబ్బు అయితే, మంచి ఘాటైన వాసనే దానికి మందు అవ్వాలి కదా. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. యూకలిప్టస్ ఆకుల నుంచి వచ్చే ఆవిరి గాలిని శుభ్రం చేస్తుందని, ఓజోన్ పుట్టిస్తుందని కూడా వాదించారు. ముల్లర్ దాన్ని మనసారా నమ్మారు. నీలపు గమ్ చెట్టు, అంటే యూకలిప్టస్ గ్లోబ్యులస్, జ్వరం నేలల్ని బాగుచేస్తుందని పుస్తకాల్లో రాశారు, ఉత్తరాల్లో రాశారు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గింజలు పొట్లాలు కట్టి పంపారు. ఆ గింజ ఎంత చిన్నదంటే ఒక కవరులో ఒక అడవి పట్టేస్తుంది. ఆయన స్నేహితుడు ప్రోస్పర్ రామెల్ ద్వారా ఫ్రాన్స్‌కి, అక్కడినుంచి అల్జీరియాకి వెళ్ళాయి. కాలిఫోర్నియాలో ఆయన ఉపన్యాసాల్ని 1876లో పుస్తకంగా వేసి మరీ తోటలు పెంచారు. రోమ్ పక్కన ట్రె ఫాంటానె అనే మఠం జ్వరాలతో పాడుబడిపోయి ఉంటే, 1868లో అక్కడికి చేరిన ట్రాపిస్ట్ సన్యాసులు ఈ చెట్లు నాటి, ఆ ఆకుతో కషాయం లాంటి మద్యం కాచుకుని తాగుతూ బతికారు. ఆ మద్యం ఇప్పటికీ అక్కడ అమ్ముతారు.

కొన్నిచోట్ల జ్వరాలు నిజంగానే తగ్గాయి. జనం దాన్ని జ్వరాల చెట్టు అన్నారు. ట్రె ఫాంటానెలో మాత్రం 1880ల మొదట్లో, చెట్లు ఏపుగా పెరిగి నిలబడి ఉండగానే, జ్వరం మళ్ళీ విరుచుకుపడింది.

ఈలోపు మెల్బోర్న్‌లో ముల్లర్‌కి వేరే జ్వరం మొదలైంది.

ఆయన దృష్టిలో బొటానిక్ గార్డెన్ అంటే ల్యాబ్. ఏ దేశపు మొక్క ఇక్కడ బతుకుతుంది, దేంట్లో నూనె వస్తుంది, దేంట్లో రంగు, దేంట్లో నార అని పరీక్షించే చోటు. మొక్కలు వరసల్లో, ప్రతిదానికీ చీటీ. బంగారంతో డబ్బు చేసుకున్న ఊరివాళ్ళకి అది నచ్చలేదు. మాకు పచ్చిక బయళ్ళు కావాలి, ఫౌంటెన్లు కావాలి, శిల్పాలు కావాలి, సాయంత్రం భార్యాపిల్లలతో షికారు తిరిగే చోటు కావాలి అని ఒకటే గోల. పేపర్లు వెక్కిరించాయి. విచారణ బోర్డు కూర్చుంది. 1871లో వర్టెంబర్గ్ రాజు ఆయనకి బారన్ బిరుదు ఇచ్చాడు, కానీ సొంత ఊళ్ళో అది ఆయన్ని కాపాడలేదు. 1873లో డైరెక్టర్ పదవి తీసేశారు. ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త అన్న పేరు మిగిల్చి తోట, తోటలోని ఇల్లు, ల్యాబు తీసుకున్నారు. ఆయన స్థానంలో వచ్చిన విలియం గిల్‌ఫాయిల్ ఆ వరసల్ని పడగొట్టి చెరువులూ పచ్చికలూ వంపు తిరిగిన దారులతో చాలా అందమైన తోట చేశాడు. ఇవాళ మెల్బోర్న్ వెళ్ళినవాళ్ళు ఫోటోలు దిగేది గిల్‌ఫాయిల్ తోటలోనే. నిజం చెప్పాలంటే జనం అడిగిందీ తప్పు కాదు. కానీ పదహారేళ్ళు చేత్తో నాటిన మొక్కల మధ్యనుంచి మనిషిని బయటికి పంపిన పద్ధతి మాత్రం నాకు మింగుడుపడలేదు.

ముల్లర్ ఆ తర్వాత ఆ తోటలో అడుగు పెట్టలేదు. ఇంకా ఇరవై మూడేళ్ళు అదే ఊళ్ళో, ఆ తోటకి దగ్గర్లోనే, అద్దె ఇళ్ళల్లో ఉన్నారు. అయినా లోపలికి వెళ్ళలేదు.

పెళ్ళి కూడా కాలేదు. 1863లో ఒక నిశ్చితార్థం జరిగింది, ఆరోగ్యం బాలేదని తనే తెంచుకున్నారు. రెండేళ్ళకి ఇంకొకటి, అదీ పెళ్ళి దాకా రాలేదు. చెల్లెళ్ళిద్దరూ దక్షిణ ఆస్ట్రేలియాలో పెళ్ళిళ్ళు చేసుకుని స్థిరపడ్డారు. క్లారా, ఆమె కూతుళ్ళు అన్నగారి కోసం, మేనమామ కోసం మొక్కలూ సముద్రపు నాచూ ఏరి పంపేవారు. వాళ్ళే కాదు, దేశమంతా ఎక్కడెక్కడో పొలాల్లో, పశువుల దొడ్ల మధ్య ఉండే ఆడవాళ్ళు ఎంతోమంది ఆయన ఉత్తరం చూసి మొక్కలు పంపేవారు. పేరున్న సైంటిస్టు ఆడవాళ్ళని ఇంత సమానంగా పనిలో కలుపుకోవడం ఆ రోజుల్లో అరుదు.

తోట పోయాక ఆయన రాతలో పడ్డారు. 1879 నుంచి 1884 దాకా యూకలిప్టోగ్రాఫియా అని పది భాగాలుగా వేశారు. ఒక్కో జాతికి నిండు పేజీ బొమ్మ, కర్ర ఎలా ఉంటుంది, నూనె ఎంత, దేనికి పనికొస్తుంది అన్నీ. ఏ దేశపు ఏ మొక్కని ఎక్కడ పెంచొచ్చో చెప్పే ఇంకో పుస్తకం చాలా ముద్రణలు పొందింది. దాని ఇండియన్ ఎడిషన్ 1880లో కలకత్తాలో అచ్చయింది. మన ఊటీకి నీలపు గమ్ చెట్టు ఆయన కంటే ముందే, 1843లోనే వచ్చింది. వంటచెరకు కోసం అక్కడి షోలా అడవుల్ని కొట్టేస్తుంటే, తొందరగా పెరిగే చెట్టు కావాలని తెచ్చారు. తర్వాత కొండల మీద గడ్డిమైదానాలన్నీ ఈ చెట్లతో నిండిపోయాయి. అలా ఆస్ట్రేలియా చెట్టు నూనెకి మన భాషలో నీలగిరి తైలం అనే పేరు స్థిరపడింది. ముల్లర్ మెల్బోర్న్‌లో ఇంకా బతికుండగానే, 1893లో, బొంబాయిలో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ పసుపు బామ్ మూత తీస్తే కొట్టే ఘాటులో కర్పూరంతో పాటు ఈ తైలం వాటా కూడా ఉంది.

ఆయన్ని దేవుణ్ణి చేయాల్సిన పని లేదు. దారిన పోయేవాళ్ళు తింటారని అడవి బాటల పక్కన బ్లాక్‌బెర్రీ గింజలు చల్లారు. ఇప్పుడది ఆస్ట్రేలియాలో తీసినా తీసినా పోని కలుపు. ఆయన పంపిన గింజల సంతానం కాలిఫోర్నియాలో, పోర్చుగల్ వైపు ఎండాకాలం మంటల్లో పెట్రోలు పోసినట్టు మండుతోంది. కారణం ఆ ఆకులోని నూనే. మన దగ్గర జామాయిల్ తోట పక్కన బోరు ఉన్న రైతుని కదిలిస్తే ఇంకో చిట్టా విప్పుతాడు. పనికొచ్చేది ఎక్కడైనా పనికొస్తుందని ఆ తరం వాళ్ళ ధీమా, దాంట్లో ఆయనదీ భాగమే.

1896 అక్టోబర్ 10న మెల్బోర్న్‌లో చనిపోయారు. సెయింట్ కిల్డా శ్మశానంలో సమాధి.

దాదాపు పది నెలల తర్వాత మన సికింద్రాబాద్‌లో ఒక సంగతి జరిగింది. 1897 ఆగస్టు 20న, బేగంపేట దగ్గర మిలిటరీ డాక్టర్ రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన ఒక దోమని కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పరాన్నజీవిని మనిషి రక్తంలో 1880లోనే లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టర్ చూశాడు. చూసింది ఎక్కడో కాదు, జ్వరాల కోసం ముల్లర్ చెట్లు నాటిన అల్జీరియాలోనే. కానీ అది ఒంట్లోకి ఎలా వస్తుందో తేల్చే దారి బేగంపేటలో దొరికింది. చెడు గాలి కథ అక్కడితో ముగిసింది. చెట్లు నాటిన కొన్నిచోట్ల జ్వరం తగ్గడానికి వేరే కారణం ఉంది. యూకలిప్టస్ నీళ్ళు తెగ తాగుతుంది. బురద ఎండితే దోమ గుడ్లు పెట్టడానికి చోటుండదు. ఇవాళ మన రైతు తిట్టుకునే గుణమే అప్పుడు పనిచేసింది. ఆకు ఆవిరికి అందులో వాటా లేదు. ముల్లర్ ఇంకొంత కాలం బతికుంటే ఆ వార్త చదివేవారు. ఎలా తీసుకునేవారో ఊహించడానికి నాకు మనసొప్పలేదు.

మరి ఆకులో మందు లేనట్టేనా? ఉంది. ఆయన వెతికిన చోట కాకుండా ఇంకోచోట.

పారిస్‌లో క్లోయెజ్ అనే కెమిస్టు 1870లో ఈ తైలం నుంచి ముఖ్యమైన పదార్థాన్ని విడదీసి యూకలిప్టాల్ అన్నాడు. 1880లలో జర్మనీలో ఓట్టో వాలాక్ అదీ, వేరే మొక్కల నూనెల్లో దొరికే సినియోల్ అన్నదీ ఒకటే అని తేల్చాడు. ఇప్పుడు మందుగా అమ్మే యూకలిప్టస్ నూనెలో సినియోల్ కనీసం 70 శాతం ఉండాలని ఫార్మకోపియాల నియమం. సినియోల్ కఫాన్ని పలచన చేస్తుంది, శ్వాసనాళాల వాపుని తగ్గిస్తుంది. 2003లో జర్మనీ డాక్టర్లు ఒక చిన్న పరీక్ష ప్రచురించారు. రోజూ స్టెరాయిడ్ మాత్రలు మింగితే గానీ ఊపిరాడని 32 మంది ఆస్తమా రోగుల్ని తీసుకుని, సగం మందికి రోజుకి 600 మిల్లీగ్రాముల సినియోల్, మిగతావాళ్ళకి ఉత్త మాత్ర, 12 వారాలు ఇచ్చారు. సినియోల్ తీసుకున్నవాళ్ళు స్టెరాయిడ్ మోతాదు సగటున 36 శాతం తగ్గించుకోగలిగారు, రెండో జట్టు 7 శాతమే. 32 మంది అంటే చాలా తక్కువ మంది, దాన్ని పట్టుకుని ఆస్తమాకి మందు దొరికిందనేస్తే పాత కథే మళ్ళీ మొదలవుతుంది. క్షయని ఇది నయం చేయదు. అయినా, ఊపిరితిత్తుల జబ్బు భయంతో ఒక కుర్రాడు వదిలి పారిపోయిన దేశంలోనే, అతను జీవితాంతం మోసిన ఆకులోని పదార్థాన్ని ఊపిరి కోసం క్యాప్సూల్‌గా మింగుతున్నారు.

ఇంకో జాతి ఉంది, నిమ్మ వాసన వేసేది. ఇప్పుడు దాన్ని కొరింబియా సిట్రియోడోరా అంటున్నారు. దాని నూనెలోని సిట్రోనెల్లాల్‌ని కొంచెం మారిస్తే పీఎండీ అనే పదార్థం వస్తుంది. చర్మానికి రాసుకుంటే దోమలు దగ్గరికి రావు. ముడి నూనె రాసుకుంటే అంతసేపు పనిచేయదు. 2005 నుంచి అమెరికా సీడీసీ దోమల్ని తరిమే మందుల జాబితాలో దీన్నీ చెబుతోంది. అంటే మలేరియాకి యూకలిప్టస్ ఆకు అన్న మాట వందేళ్ళ తర్వాత వేరే దారిలో, దోమ మీదుగా తిరిగొచ్చింది. ముల్లర్ గాలిని శుభ్రం చేస్తుందనుకున్నారు. అది పురుగుని తరుముతుంది. చెట్టు తన ఆకులో ఆ నూనె పెట్టుకున్నదీ అందుకే.

ఇంట్లోవాళ్ళకి చెప్పాల్సింది ఒకటుంది. ఈ నూనె ఆవిరి పట్టడానికి, పైన రాసుకోవడానికే. లోపలికి తాగకూడదు. చిన్నపిల్లలు ఒక చెంచాడు మింగినా మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. పసిపిల్లల ముక్కుకీ మొహానికీ రాయకూడదు. ఆకుది కదా, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది.

ముల్లర్ పోగుచేసిన ఎండు మొక్కల కట్టలు తోటకి బయట వేరే భవనంలో ఉండేవి. ఆయనని తోట నుంచి పంపేశాక కూడా ఆయన పని చేసుకున్నది వాటి మీదే. 1930లలో ఆ పాత భవనం పోయి, కొత్తది బొటానిక్ గార్డెన్ ఆవరణలోనే కట్టారు. కట్టలన్నీ అందులోకి మార్చారు. లక్షల కొద్దీ కాగితాల మధ్య, ఆయన చేతిరాత చీటీలతో, ఆ ఆకులు ఇప్పుడు ఆ తోటలోనే ఉన్నాయి.